ప్లగ్గులు మంచివే

నవంబరు 3, సోమవారం

పొద్దున్న మళ్ళీ మిస్సింగ్. గేటు దాటగానే మొదలు. ఇంజనులో నాలుగు దెబ్బలు వినబడాల్సిన చోట మూడే. డబ్ డబ్ డబ్... ఖాళీ. కాలికి ముల్లు దిగినవాడి నడక.

ఎరువుల కొట్టువాడు ఇచ్చిన డైరీ ఇది. ఏడాదంతా బియ్యం డబ్బా మీద పడి ఉంది. ఏ రోజు కారు ఎలా ఉందో రాసుకుంటే రోగం దొరుకుతుందని తీశాను. మూడో తరగతి చదువు నాది. తప్పులుంటాయి. చదివేది నేనేగా.

దసరా వెళ్ళిన వారం నుంచీ ఇదే వరస. దసరా ముందు సర్వీసు చేసింది వీర్రాజు. నాలుగూ కొత్త ప్లగ్గులు వేశానన్నాడు. కొత్తవి వేస్తే ఇలా ఎందుకు కొడుతుంది? ఎక్కడో ఊడదీసినవి తుడిచి బిగించి ఉంటాడు. నిన్న దొరబాబు టీకొట్టు దగ్గర ఆ మాటే మొహం మీద అనేశాను. ఆటోవాళ్ళందరూ ఉన్నారు. వినాలనే గట్టిగా అన్నాను.

"బాబాయ్, ఒక్కసారి ఆ మూత తీసి —" అని ఏదో మొదలెట్టాడు.

"నోరు ముయ్యరా దొంగెదవా" అన్నాను.

మూశాడు. గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. టీ సగం అలాగే ఉంది.

తప్పు లేనివాడైతే తిరిగి అనేవాడు.

నవంబరు 4

మధ్యాహ్నం తీశాను. నిక్షేపంలా ఉంది. సెంటరు దాకా వెళ్ళొచ్చాను. ఒక్క మిస్సు లేదు. నన్ను వెక్కిరిస్తోంది.

నవంబరు 5

కార్తీక పౌర్ణమి. సత్యవతిని గోదావరి స్నానానికి తీసుకెళ్దామని తెల్లవారకముందే తీశాను. కుంటుకుంటూ వీధి మలుపు దాకా వెళ్ళి ఆగింది. దాన్ని దింపి ఆటో ఎక్కించాను. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పెళ్ళికూతుళ్ళందరూ నా బండి ఎక్కే అత్తారింటికి వెళ్ళేవారు. ఇప్పుడు నా పెళ్ళాం ఆటోలో. వీధిలో ముగ్గుల దగ్గర ఆడాళ్ళందరూ తలెత్తి చూశారు.

ఎక్కుతూ అంది — "అంత ఇదైపోవాలేంటండీ? ఆటోకి మాత్రం చక్రాలు లేవా?"

ఉన్నాయి. మూడు.

నవంబరు 7

రావులపాలెం వెళ్ళాను. హైవే పక్కన కొత్త షెడ్డు. అద్దాల గది, లోపల ఏసీ. కుర్రమేస్త్రి బయటికి వచ్చి "కంప్యూటర్ పెట్టి చూస్తామండీ తాతగారూ, ఎక్కడ పోయిందో అదే చెప్పేస్తుంది" అన్నాడు. బానెట్ ఎత్తాడు. కాసేపు అలాగే చూశాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు.

"దీనికి కంప్యూటర్ తగిలించే చోటే లేదు కదండీ!"

"దానికి చెవులు తగిలించాలి" అన్నాను.

కార్బురేటర్ విప్పి పెట్రోలుతో కడిగి పెట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు బాగానే వచ్చింది. కానీ అది మధ్యాహ్నం. మధ్యాహ్నం ఎప్పుడూ బాగానే ఉంటుంది.

నవంబరు 8, శనివారం

మంచు. మిస్సింగ్. వాడపల్లి వెంకన్న దగ్గరికి ప్రతి శనివారం నా బండిలో వచ్చేవాళ్ళు గేటు దగ్గర నిలబడ్డారు. ఏడు వారాల మొక్కు. మధ్యలో ఒక్క వారం తప్పితే మొదటి వారం నుంచి రావాలని వాళ్ళ భయం. పాపం ఎంతసేపు నిలబడతారు. బస్సుకి వెళ్ళిపోయారు. ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

బానెట్ మీద చీమలు బారు కట్టాయి. లోపలికి పోతున్నాయి. ఇనుములో ఏముంటుంది వాటికి?

నవంబరు 10

అన్నం వడ్డిస్తూ సత్యవతి చెప్పింది. వీర్రాజు మస్కట్ వెళ్ళిపోతున్నాడట. అక్కడ ఏదో గ్యారేజీలో పని. వాళ్ళ బావ వీసా పంపాడట. ఇరవై మూడో తేదీన ప్రయాణం.

"ఈ వయసులోనా?" అన్నాను. యాభైకి దగ్గర పడ్డాడు వాడు.

"మరేం చేస్తాడండీ? మీరన్న రోజు నుంచీ షెడ్డుకి ఒక్క ఆటో పోవడం లేదంట. సూర్రావుగారి బండికే పాత ప్లగ్గులు వేసినోడు మనకేం వేస్తాడో అంటున్నారంట."

"మంచి పనోడైతే ఎవడో ఏదో అన్నాడని మానేస్తారా?"

"మీరు ఎవడో కాదు కదండీ." కంచంలో మజ్జిగ పోసింది. "బండి గురించి మీరు చెప్తే ఈ ఊళ్ళో ఇంకోడి దగ్గర అడగరు."

ఇది వినడానికి బాగుండాలి. కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాను.

వీర్రాజు సత్యవతి పుట్టింటి వైపు వాడు. దాన్ని పిన్నీ అంటాడు. ఆ వరసనే నేను బాబాయిని. పిల్లల్లేని ఇల్లు మాది. పండగ పూట మా గుమ్మంలోకి వచ్చేది వాడొక్కడే.

నవంబరు 11

పెట్రోల్లో నీళ్ళు ఉన్నాయేమోనని అనుమానం. సీసాలోకి తీసి ఎండలో పెట్టాను. నీళ్ళుంటే అడుగున విడిగా నిలుస్తాయి. ఏమీ లేవు. శుభ్రంగా ఉంది.

షెడ్డు మీదుగా రాలేదు. చుట్టూ తిరిగి చెరువు గట్టు మీంచి వచ్చాను.

నవంబరు 13

ఇవాళ తాడో పేడో తేల్చాలనుకున్నాను. ఇంజను నడుస్తుండగా ఒక్కో ప్లగ్గు వైరూ ఊడదీస్తూ విన్నాను. పని చేస్తున్న ప్లగ్గు వైరు తీస్తే శబ్దం మారాలి. చచ్చిన ప్లగ్గు వైరు తీస్తే ఏమీ మారదు. రెండోది తీశాను. మారలేదు. దొరికావురా అనుకున్నాను. మళ్ళీ పెట్టి చూశాను. ఈసారి రెండోది బాగానే కొడుతోంది, మూడోది చచ్చింది!

చచ్చినవాడు మాటిమాటికీ మారతాడా?

ప్లగ్గులు నాలుగూ విప్పాను. తెల్ల పింగాణీ మీద చిన్న ఎర్ర చుక్క. నెయిల్ పాలిష్. వీర్రాజు తను బిగించిన ప్రతి ప్లగ్గుకీ పెడతాడు. తన చేతి పని తనకి తెలియాలట. పెళ్ళాం సీసా తెచ్చి షెడ్డులో పెట్టుకుంటే ఆటోవాళ్ళు ఏడిపించేవారు — "గోళ్ళకి ఎప్పుడు పెట్టుకుంటావు వీర్రాజూ" అని. నవ్వేవాడు.

రెండోది తీసి నాలుగో దాంట్లో పెట్టాను. నాలుగోది రెండో దాంట్లో. మూడోది ఒకటో దాంట్లో. రేపు పొద్దున్న మంచులో చూడాలి. ప్లగ్గుదే తప్పయితే రోగం ప్లగ్గుతో పాటు వెళ్తుంది.

నవంబరు 14

వెళ్ళలేదు. రోగం ఉన్న చోటే ఉంది.

ప్లగ్గులు మంచివే.

అదే రోజు, సాయంత్రం

అయితే ఏంటి. ప్లగ్గులు కాకపోతే ఇంకేదో పాడుచేసి ఉంటాడు.

ఇది రాసి మళ్ళీ చదువుకున్నాను. ప్లగ్గులు విప్పి చూస్తున్నప్పుడే తెలుసు నాకు. అంచులు పదునుగా ఉన్నాయి. పాతదైతే ఆ మొన అరిగి గుండ్రంగా అయిపోతుంది. ఈ బండి నేర్పిన చదువు అది, మూడో తరగతి కాదు. అంచు చూసీ కళ్ళు పక్కకి తిప్పుకున్నాను.

నవంబరు 16

మధ్యాహ్నం వాన జల్లు. బండి బయటే ఉంది. తీశాను. మధ్యాహ్నమే మిస్సింగ్!

గుడ్డ పెట్టి వైర్ల మీద తడి అద్దాను. కొంచెం తగ్గింది. తడి. తడే దీని రోగం. ఇన్నేళ్ళు గోదావరి వానల్లో తిరిగింది, వరదలో మోకాలి లోతు నీళ్ళలో వచ్చింది. ఎప్పుడూ లేనిది ఈ ఏడే తడి ఎందుకు పడటం లేదు దీనికి?

నవంబరు 17

దొరికింది.

మొదటి నుంచీ రాస్తాను.

చెంబుతో నీళ్ళు తెచ్చి వేళ్ళతో చిలకరిస్తూ పోయాను, పెళ్ళిలో అక్షింతలు వేసినట్టు. వైర్ల మీద వేశాను, ఏమీ లేదు. కాయిల్ మీద, ఏమీ లేదు. నాలుగు ప్లగ్గులకీ కరెంటు పంచే నల్ల మూత ఉంటుంది, డిస్ట్రిబ్యూటర్ మూత. దాని మీద రెండు చుక్కలు పడ్డాయో లేదో, ఇంజను వెక్కిళ్ళు పెట్టింది.

ఆపి, కళ్ళజోడు తెచ్చుకుని వంగి చూశాను. చీమలు అక్కడే ఉన్నాయి. బారు అంతా ఆ మూత దగ్గరికే. వేలితో గీకాను. జిగురు. గోరు కింద పసుపు వచ్చింది. నాలిక మీద పెట్టుకుంటే తియ్యగా ఉంది.

కొబ్బరినీళ్ళు.

కూలబడ్డాను, అక్కడే, బంపరుకి ఆనుకుని.

ప్రతి దసరాకీ వాహనపూజలో కొబ్బరికాయ టైరు ముందు రాయి మీద కొట్టేవాణ్ణి. ఈ ఏడు ఎదురింటివాళ్ళు కొత్త కారు కొన్నారు. బంతిపూల దండలూ, బెలూన్లూ, ఫొటోలూ. ముప్పై ఏళ్ళ బండి దాని ముందు చిన్నబోతుందా అనిపించింది. బానెట్ ఎత్తి, అందరూ చూస్తుండగా కాయ ఇంజను ఇనుము మీదే కొట్టాను. నీళ్ళు అంతటా చిమ్మాయి. పసుపు ముద్ద చేసి మూతకీ వైర్లకీ నా చేత్తోనే పూశాను. కుంకుమ పెట్టాను. వీధిలో వాళ్ళు చప్పట్లు కొట్టారు.

వీర్రాజు అక్కడే ఉన్నాడు. భుజం మీద తువ్వాలు తీశాడు. "బాబాయ్, కొబ్బరినీళ్ళు పడ్డాయండీ మూత మీద. తుడిచేస్తానుండండి."

"పూజ చేసిన చోట తుడుస్తావట్రా? మళ్ళీ దసరా దాకా ఆ బొట్టు ఉండాల్సిందే."

"ఆయ్" అని తువ్వాలు మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు.

ఇంజను వేడికి నీళ్ళు ఎండి పాకంలా అంటుకున్నాయి. దాని మీద పసుపు, దాని మీద దుమ్ము. మంచు పడగానే అదంతా తడుస్తుంది. ప్లగ్గుకి పోవలసిన కరెంటు ఆ తడి మీంచి పక్కదానికి పాకుతుంది. పాకి పాకి మూత మీద వెంట్రుకంత నల్లగీత కాల్చేసింది. రెండోదానికీ మూడోదానికీ మధ్య.

టీకొట్టు దగ్గర వాడు మొదలెట్టిన మాట — "ఒక్కసారి ఆ మూత తీసి". మిగతా సగం ఇప్పుడు వినబడుతోంది.

నవంబరు 18

అమలాపురంలో పాత సామాన్ల కొట్టు. ఈ బండి మూత ఇప్పుడు రావడం లేదన్నాడు. అటక మీద వెతికితే ఒకటి దొరికింది. దుమ్ము ఊది ఇచ్చాడు.

ఇంటికి వచ్చి వైర్ల మీద పసుపు తుడవబోతే చెయ్యి ఆగింది. సత్యవతి వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది. దానికి అంతా చెప్పాను నిన్న. చెప్పక తప్పలేదు. మూతి మీద పసుపుతో కూర్చున్నవాడిని ఏమైందని అడగదా?

దగ్గరికి వచ్చి గుడ్డ నా చేతిలోంచి తీసుకుంది. తనే తుడిచింది.

"దేవుడేం అనుకోడండీ. అనుకుంటే వీర్రాజు అనుకోవాలి."

"వెళ్తానులే" అన్నాను.

"ఎప్పుడు?"

"వెళ్తానన్నాను కదా!"

నవంబరు 19

దట్టమైన మంచు. తాళం తిప్పగానే అందుకుంది. నాలుగుకి నాలుగు. కుట్టుమిషను నడిచినట్టు. ఇన్నాళ్ళుగా ఈ శబ్దం కోసమే కదా తిరిగింది. వినలేకపోయాను. ఆపేశాను.

నవంబరు 20

రేపు వెళ్తాను.

నవంబరు 21

వెళ్ళాను. షెడ్డు తలుపు తీసే ఉంది. వీర్రాజు నేల మీద గోనెపట్టా పరిచి పానాలన్నీ వరసగా పెట్టాడు. ఎవరో ఇద్దరు వంగి ఏరుకుంటున్నారు. రెండు చేతులా పట్టుకుని వాడు తిప్పే ఆ పెద్ద పానా, నా బండి చక్రాలకి తప్ప దేనికీ సరిపోదు, అది కూడా ఉంది పట్టా మీద.

బండి నెమ్మది చేశాను. కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. ఇంజను శబ్దం వాడు విన్నాడు. తలెత్తలేదు కానీ చేతిలో పని ఆపాడు. వింటున్నాడు. నాకు తెలుసు వాడు ఎలా వింటాడో — తల కొంచెం ఎడమకి వాల్చి.

హారన్ కొట్టాను. వెళ్ళిపోయాను. హారన్ ఎందుకు కొట్టానో దేవుడికి తెలియాలి.

నవంబరు 22, శనివారం

వాడపల్లి. బండి నిండా జనం. దార్లో గుంటల్లోనూ ఒక్క మిస్సు లేదు. "సూర్రావుగారు బండి మళ్ళీ దారిలో పెట్టేరండీ" అని వెనక సీట్లో ఆవిడ. "ఆ వీర్రాజు చేతిలో పాడైపోయింది కానీ" అని ఇంకొకావిడ.

చెప్పాలి. స్టీరింగు పట్టుకుని, అద్దంలో వాళ్ళని చూసి, నోరు తెరిచాను.

"తలుపు గట్టిగా వేశారా?" అన్నాను.

నాకు కంట్లో శుక్లం తీసినప్పుడు బండి తీయడానికి లేదన్నారు. బ్యాటరీ చచ్చిపోతుందని వీర్రాజు రోజూ వచ్చి స్టార్ట్ చేసి, కాసేపు ఉంచి, ఆపి వెళ్ళేవాడు. సీటు ముందుకి జరుపుకునేవాడు కాదు. కాళ్ళు అందక అంచున కూర్చునేవాడు. నేను కట్టు విప్పుకుని వచ్చి కూర్చుంటే సీటు ఎలా వదిలానో అలాగే ఉంది.

ఇవన్నీ ఇప్పుడు గుర్తొస్తాయి. దొరబాబు కొట్టు దగ్గర ఒక్కటీ రాలేదు.

నవంబరు 23, ఆదివారం

జొన్నాడ వెళ్ళి వచ్చాను.

వాడు నిన్న సాయంత్రమే చెల్లెలి ఇంటికి జొన్నాడ వెళ్ళిపోయాడని సత్యవతి చెప్పింది. హైవే మీద విశాఖ బస్సు ఎక్కుతాడట, అక్కడి నుంచి విమానం. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా తీశాను. వస్తానంది. వద్దన్నాను. అది పక్కన ఉంటే ఇంకా నోరు రాదు.

వంతెన దాటుతుంటే గోదావరి మీద మంచు తెల్లగా, నీళ్ళే కనబడలేదు. బండి బాణంలా పోతోంది. ఆ వంతెన మీద చెప్పుకుంటూ వెళ్ళాను పైకే — "వీర్రాజూ, నీ ప్లగ్గులు మంచివేరా. నాది తప్పు." బాగానే వచ్చింది మాట. రెండు మూడు సార్లు వచ్చింది.

బస్సు ఆగే చోట ఉన్నాడు. కొత్త చొక్కా, మడతల గీతలతో. తాళ్ళు కట్టిన అట్టపెట్టె. పక్కన చెల్లెలు, ఆమె మొగుడు, మా ఊరి ఆటోవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరూ నేనన్న రోజు టీకొట్టు దగ్గర ఉన్నవాళ్ళే.

నన్ను చూడగానే అందరూ మాట ఆపారు. వీర్రాజు మాత్రం బండి వైపు చూశాడు. ఇంకా ఆపలేదు నేను, ఇంజను నడుస్తోంది. తల ఎడమకి వాల్చాడు.

"బాగుందండీ బాబాయ్ ఇప్పుడు!" అన్నాడు. నిజంగా సంతోషించాడు. మొహం అంతా. "ఏ పొద్దున్నా ఇలాగే కొడుతోందా అండీ?"

"ఆఁ."

తను వెళ్తున్న సంగతే మరిచినట్టు వచ్చి బానెట్ ఎత్తాడు. లోపలికి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏం మార్చేరండీ?"

అందరూ వింటున్నారు. ఆటోవాళ్ళు ఇద్దరూ దగ్గరికి జరిగారు. వాడి చెల్లెలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది. వంతెన మీద అన్ని సార్లు వచ్చిన మాట.

"ప్లగ్గులు" అన్నాను.

ఎలా వచ్చిందో తెలియదు. వచ్చేసింది.

వాడు తల ఎత్తలేదు. "ఆయ్" అన్నాడు. భుజం మీద తువ్వాలు లేదు కొత్త చొక్కా కాబట్టి, అరచేత్తోనే మూత మీద దుమ్ము తుడిచాడు. బానెట్ ఎప్పటిలాగే రెండు చేతులా పట్టుకుని చప్పుడు కాకుండా దించాడు. "మంచి పని చేసేరండి. ఇంక పిన్నిని ఆటోల్లో పంపకండేం."

బస్సు వచ్చింది. వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. పెట్టె ఎక్కించుకున్నాడు. కిటికీ పక్క సీటు దొరకలేదు వాడికి. కనబడలేదు.

తిరిగి రావడానికి బండి ఎక్కుతుంటే ఆటోవాళ్ళలో ఒకడు దొరబాబుకి ఫోను చేస్తున్నాడు — "ప్లగ్గులేనంటండీ! సూర్రావుగారే చెప్పేరు."

సత్యవతి గేటు దగ్గరే ఉంది. "చెప్పేరా?"

"చెప్పేను."

నవంబరు 24

నూనె చూద్దామని బానెట్ ఎత్తాను. ప్లగ్గులు కనబడ్డాయి. నాలుగు ఎర్ర చుక్కలు.

చూశాడు. అంతసేపు వంగి చూసింది అదే. వాడి ప్లగ్గులు వాడికి తెలియవూ? తళతళలాడే కొత్త మూతా చూశాడు, వాడి చుక్కలూ చూశాడు. అన్నీ తెలిసి, అందరి ముందూ, ఆయ్ అన్నాడు.

ఒక్క మాట అంటే ఆ ఆటోవాళ్ళు వంగి చూసేవారు. నా పరువు ఆ హైవే మీద పోయేది. వాడి పేరు వాడికి దక్కేది. ఊరికే దించేశాడు బానెట్.

నవంబరు 25

ఏమీ చేయలేదు. బండి తీయలేదు.

నవంబరు 28

దొరబాబు కొట్టుకి వెళ్ళాను. ఆటోవాళ్ళు కూర్చుని ఉన్నారు. నిలబడే చెప్పాను. "వీర్రాజు వేసినవి కొత్త ప్లగ్గులే. ఇప్పటికీ అవే ఉన్నాయి బండిలో. కావాలంటే వచ్చి చూడండి. తప్పు నాది, కొబ్బరికాయ ఇంజను మీద కొట్టాను."

దొరబాబు గిన్నెలో టీ తిరగపోస్తూనే ఉన్నాడు.

"మరి జొన్నాడలో ప్లగ్గులన్నారు కదండీ?" అని అడిగాడు ఆ రోజు ఉన్నవాడు.

"అబద్ధం చెప్పాను."

"వెళ్ళిపోయేక చెప్తే ఏం లాభమండీ" అన్నాడు ఇంకొకడు. కోపంగా కాదు. టీ ధర పెరిగిందన్నట్టు అన్నాడు.

దొరబాబు నా గ్లాసు పెట్టాడు. సగం తాగి లేచాను. తర్వాత గుర్తొచ్చింది, ఆ బల్ల మీదే సగం టీ వదిలి వాడూ లేచాడు.

ఊరికి చెప్పడం ఇంత సులువా? మరి వాడికెందుకు చెప్పలేను.

డిసెంబరు 2

షెడ్డు ఎవరికో అద్దెకిచ్చారు. సెల్‌ఫోన్ల కొట్టు పెడతారట. తలుపుకి రంగు వేస్తున్నారు. గోడ మీద నూనె చేతుల మరకలు మాత్రం ఎంత సున్నం వేసినా పైకి వస్తున్నాయట.

డిసెంబరు 7, ఆదివారం

వీర్రాజు ఫోను చేశాడు. సత్యవతికి. ఆదివారం వాడికి సెలవట — కాదు, అక్కడ సెలవు శుక్రవారం, ఇవాళ పని మధ్యలో మాట్లాడుతున్నాడు. వెనకాల సుత్తి దెబ్బలు వినబడుతున్నాయి.

అన్నం దొరుకుతోందా, ఎండ ఎలా ఉంది, అన్నీ అడిగింది. నేను మంచం మీద కూర్చుని గోడ వైపు చూస్తున్నాను. స్పీకరు పెట్టింది కావాలనే.

"బాబాయ్ బండి ఎలా ఉంది పిన్నీ?"

"నువ్వే అడుగు, ఇక్కడే ఉన్నారు."

"వద్దులెండి... ఒకసారి స్టార్ట్ చేయించండి, వింటాను. ఇక్కడ అలాంటి బండి ఒక్కటి లేదండీ. అన్నీ చప్పుడు చేయని బళ్ళే."

లేచాను. తాళంచెవి తీసుకుని వెళ్ళి స్టార్ట్ చేశాను. సత్యవతి ఫోను బానెట్ దగ్గర పెట్టింది. నడుస్తోంది. నాలుగుకి నాలుగు. వింటున్నాడు. మస్కట్‌లో తల ఎడమకి వాల్చి ఉంటాడు.

"బాగుందండీ" అన్నాడు కాసేపటికి. మళ్ళీ అన్నాడు — "పిన్నీ, వచ్చే దసరాకి కాయ టైరు ముందు కొట్టమనండేం బాబాయ్‌ని."

అంటే మొదటి నుంచీ తెలుసు వాడికి. దసరా రోజు నుంచీ.

సత్యవతి ఫోను నా ముందు పెట్టింది. ఇంజను ఆపమని చేత్తో సైగ చేసింది. ఆపితే మాట్లాడాలి. ఆక్సిలరేటర్ మీద కాలు ఇంకొంచెం వేశాను. శబ్దం పెద్దదైంది. వాడు అటు ఏదో అంటున్నాడు, వినబడలేదు. సత్యవతి ఏదో చెప్తోంది, వినబడలేదు. ఫోను కట్టయ్యేదాకా కాలు తీయలేదు.

ఆపాక వీధి అంతా నిశ్శబ్దంగా ఉంది. సత్యవతి లోపలికి వెళ్ళింది.

డిసెంబరు 10

సత్యవతి మాట్లాడటం లేదు. అన్నం పెడుతోంది.

డిసెంబరు 13, శనివారం

వాడపల్లి. బండిలో వాళ్ళకి చెప్పాను వీర్రాజు సంగతి. "అయ్యో పాపం" అన్నారు. ఎవరిని అన్నారో.

డిసెంబరు 14, ఆదివారం

వీర్రాజు ఇవాళ మళ్ళీ చేస్తాడట. మధ్యాహ్నం భోజనం వేళకి.

బండి తుడుద్దామని తాళంచెవి కోసం వెళ్తే మేకుకి లేదు. చొక్కా జేబులో లేదు, దిండు కింద లేదు. దేవుడి గూట్లో వెతికాను, పసుపు భరిణె వెనకాల కూడా.

"తాళంచెవి ఏదీ?"

బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. అన్ని రోజుల తర్వాత మాట్లాడింది.

"ఫోను వచ్చేక ఇస్తాను."

ఫోను తెచ్చి నా పక్కన మంచం మీద పెట్టింది. వెళ్ళి మళ్ళీ చేట ముందు కూర్చుంది. బయట బండి ఉంది, చప్పుడు లేకుండా. ఎండ గుమ్మం దాటి లోపలికి వస్తోంది... ఈ మాట రాస్తుంటే మోగింది.